అడ్రసు చెప్పని మీటింగు

కొమ్మరపాలెంలో తాగడం మొదలుపెట్టడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఏ దరఖాస్తూ పెట్టుకోకుండా, ఏ అధికారి సంతకమూ లేకుండా బొర్రా గవర్రాజు ఇరవై రెండేళ్లపాటు నిక్షేపంలా తాగాడు. నీ అర్హత ఏమిటయ్యా అని ఒక్కరోజైనా ఎవరూ అడిగిన పాపాన పోలేదు. చిక్కంతా మానేద్దామనుకున్న రోజున వచ్చిపడింది.

గవర్రాజు బోర్డులు రాస్తాడు. ఫ్లెక్సీలు వచ్చాక బోర్డులు రాసేవాడి బతుకు ఎలా ఉంటుందో వేరే చెప్పాలా? బళ్ల నంబరు ప్లేట్లు, కొట్ల షట్టర్లు, గోడల మీద "ఇచ్చట చెత్త వేయరాదు" లాంటివి మిగిలాయి. చేయి మాత్రం బంగారం. ఆ బంగారు చేయి పొద్దున పూట వణకడం మొదలై రెండేళ్లయింది. ఒక గుక్క పడితే గానీ కుంచె నిలిచేది కాదు. ఆ గుక్క పడ్డాక గవర్రాజు నిలిచేవాడు కాదు. మొన్న మాఘమాసంలో ఒక ఆటోకి నంబరు రాయమంటే, పక్కనున్న ఇంకో కాగితం చూసి సర్కిల్ ఇన్‌స్పెక్టరు గారి జీపు నంబరు రాసి పంపించాడు. ఆ ఆటో నాలుగు రోజులపాటు, పదమూడు మందిని ఎక్కించుకుని, ఏ పోలీసూ ఆపకుండా రాంగ్ రూటులో రాజాలా తిరిగింది. ఐదో రోజున సీఐ గారికే ఎదురొచ్చింది. ఆ పూట గవర్రాజు ఎక్కడెక్కడ దెబ్బలు తిన్నాడో మనకెందుకు లెండి.

ఆ వారమే కడుపులో నొప్పి వచ్చి పెద్దాసుపత్రిలో చేరాడు. డాక్టరమ్మ కాగితాలు తిరగేసి, "లివరు సగం పోయింది. మిగతా సగం ఏం చేసుకుంటావో నీ ఇష్టం" అంది. పక్కనే ఉన్న గవర్రాజు భార్య మంగతాయారు కాగితాలు తీసుకుని సంచిలో పెట్టుకుంది. ఇంటికొచ్చే దారిలో ఆటోవాడు వింటున్నా లక్ష్యపెట్టకుండా అనేసింది.

"ఇదివరకు రెండుసార్లు మానేత్తానని ఒట్టేశారు. ఓసారి నా నెత్తి మీద, ఓసారి పోలేరమ్మ గుళ్లో. నేను, అమ్మవారు ఇద్దరం ఇంకా ఉన్నామంటే మా అదృష్టం. ఈసారి ఒట్లొద్దు. మానితే ఉంటాను. లేదంటే తుని ఎల్లిపోయి మా అక్క దగ్గరుంటాను. ఏడవను కూడా ఏడవను."

ఏడవనన్న మాటకే గవర్రాజు నిజంగా భయపడ్డాడు.

పదకొండు రోజులు గడిచాయి. పొద్దున్న బాగానే ఉండేది, మధ్యాహ్నమూ ఫరవాలేదు. సాయంత్రం ఆరు కొట్టిందంటే చాలు, నాలుక పిడచకట్టుకుపోయేది, కాళ్లు వీధి వైపు లాగేవి. ఆరు నుంచి ఏడున్నర. ఆ గంటన్నరా దాటించడానికి మంగతాయారు అతని చేత కందిపప్పులో రాళ్లు ఏరించింది. రాళ్లు అయిపోతే ఏరినవాటినే కలిపి మళ్లీ ఇచ్చింది. పదకొండో రోజున గవర్రాజుకి ఒక రాయి చేతిలో పట్టుకుని వైన్ షాపు సందు మొదట్లో నిలబడి ఉండగా తెలివొచ్చింది. ఎలా వచ్చాడో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.

మర్నాడు మళ్లీ డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాడు.

"ఒక్కడివే మానడం కష్టమయ్యా. నీలాగే మానేసినవాళ్లతో రోజూ ఆ వేళకి కూర్చోవాలి. మన ఊళ్లో ప్రభుత్వం వాళ్ల మీటింగు ఉందిగా, సాయంత్రం ఆరింటికి" అందామె.

"ఎక్కడండి?"

"అది నాకూ తెలీదు. ఆఫీసులో అడుగు."

ఆ ఆఫీసు పేరు మద్య విముక్త మిత్రమండలుల పర్యవేక్షణ కార్యాలయం. మార్కెట్టు వీధిలో, వైన్ షాపు మేడ మీద ఉంది. అద్దె కలిసొస్తుందని అక్కడ పెట్టారు. మెట్లెక్కాలంటే షాపు కౌంటరు ముందు నుంచే వెళ్లాలి. గవర్రాజు ముక్కు మూసుకుని, దేవుణ్ణి తలుచుకుని, ఒక్క పరుగున పైకి చేరాడు.

సీనియర్ అసిస్టెంటు హైమావతి గారు కళ్లద్దాల పైనుంచి చూశారు.

"మీటింగు ఎక్కడ జరుగుద్దండి?"

"చెప్పకూడదండి. గోప్యత."

"సెప్పకపోతే ఎలా ఎల్తామండి?"

"వెళ్లేవాళ్లకి తెలుస్తుంది కదండి."

"నాకు తెలీదు గదండి."

"అయితే మీరు వెళ్లేవాళ్లు కాదన్నమాట" అన్నారు హైమావతి గారు. ఎంత వెతికినా ఆ మాటలో తప్పేమిటో గవర్రాజుకి దొరకలేదు.

గొడవ విని లోపలి గదిలోంచి పర్యవేక్షణాధికారి చిదంబరరావు గారు పిలిపించారు. ఆయన వెనక గోడకి ఐదు షీల్డులు వేలాడుతున్నాయి. అన్నీ గోప్యత పాటించడంలో రాష్ట్ర ప్రథమ స్థానానికి వచ్చినవే.

"చూడవయ్యా, ఈ పథకానికి గోప్యతే ఊపిరి" అన్నారాయన. "సభ్యుడెవరో తెలియరాదు. సభ్యుడు ఎచటికి పోవుచున్నాడో తెలియరాదు. ఆరేళ్లుగా ఈ పట్టణంలో ఒక్క సభ్యుడి పేరు గానీ, సమావేశ స్థలం గానీ బయటికి పొక్కిన దాఖలా లేదు."

"మరి మడుసులు వత్తన్నారాండి?"

"వారానికి నలభై రెండు మంది!" అని ఆయన రిజిస్టరు తెరిచి చూపించారు. ఒకటి నుంచి నలభై రెండు దాకా వరస సంఖ్యలున్నాయి. పేరు అన్న గడిలో నలభై రెండు అడ్డగీతలు, స్కేలు పెట్టి గీసినవి, చక్కగా ఉన్నాయి. పేర్లు రాయకూడదు కదా మరి.

చేరాలంటే గో‑1 దరఖాస్తు నింపాలన్నారు. పేరు: రాయరాదు. తండ్రి పేరు: రాయరాదు. నివాసం: రాయరాదు. సంతకం: చేయరాదు. ముఖం కనిపించని పాస్‌పోర్టు సైజు ఫొటోలు రెండు జతపరచవలెను. గెజిటెడ్ అధికారి ధ్రువీకరణ: "పైన పేరు రాయబడని వ్యక్తి నాకు గత మూడు సంవత్సరములుగా వ్యక్తిగతముగా తెలియును."

ఫొటో స్టూడియోలో గవర్రాజు గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. స్టూడియో అతను అలవాటు కొద్దీ "కొంచెం నవ్వండి" అన్నాడు. గవర్రాజూ అలవాటు కొద్దీ నవ్వాడు. ఊళ్లో తీరిగ్గా దొరికే గెజిటెడ్ అధికారి పశువుల డాక్టరు గారొక్కరే. ఆయన గవర్రాజుని వెనక్కి తిప్పి నిలబెట్టి, ఫొటోనీ బుర్రనీ మార్చి మార్చి చూసి, సుడి ఒక్కలాగే ఉందని నిర్ధారించుకున్నాక సంతకం పెట్టారు. పశువుల దగ్గర కూడా సుడే చూస్తామని చెప్పారు.

పధ్నాలుగో రోజున గవర్రాజు కాగితాలన్నీ పట్టుకుని మేడెక్కాడు. ఇక అర్హతా పరీక్ష ఒక్కటే మిగిలిందన్నారు. బంట్రోతు ఒక గొట్టం తెచ్చి నోట్లో పెట్టి ఊదమన్నాడు. గవర్రాజు ప్రాణం కొద్దీ ఊదాడు. మిషన్‌లో సున్నా కనిపించింది.

"రీడింగు లేదే!" అన్నారు చిదంబరరావు గారు నొచ్చుకుంటూ.

"మానేశాను గదండి. పధ్నాలుగు రోజులండి" అన్నాడు గవర్రాజు కాస్త గర్వంగా.

"ఎవరిని అడిగి మానేశావు?"

గవర్రాజు మిషన్‌ కేసి ఇంకోసారి చూశాడు.

"మార్గదర్శకాలు సుస్పష్టం. లబ్ధిదారుడు చేరిక నాటికి తాగుచుండవలెను. చేరిన పిమ్మట మానవలెను. నువ్వు ముందే మానేసి కూర్చుంటే పథకం నిన్నేం మాన్పించాలయ్యా? దీన్ని పథక బాహ్య స్వయం విరమణ అంటారు. తీవ్రమైన క్రమరాహిత్యం."

"ఇప్పుడేం చెయ్యమంటారండి?"

చిదంబరరావు గారు చెడ్డవారు కాదు. గడియారం చూసి, గొంతు తగ్గించి, సొంత మనిషికి చెప్పినట్టు చెప్పారు. "కింద అధీకృత దుకాణం ఉంది. ఒక క్వార్టరు పుచ్చుకుని అరగంటలో పైకి రా. బిల్లు మర్చిపోకు, జతపరచాలి. ఐదున్నరకి మూసేస్తాం, తొందరగా కానీ."

గవర్రాజు మెట్లు దిగుతున్నాడు. ఇన్నేళ్లూ దొంగచాటుగా తాగినవాడికి సర్కారు వారి ఉత్తరువు దొరికింది. ఇది తాగడం కాదు, కాగితం జతపరచడం. మంగతాయారు కోసమే గదా చేస్తున్నది. ఒక్క క్వార్టరే. లోపల ఎవరో ఇలా సాఫీగా చెప్పుకుపోతున్నారు, కాళ్లు దూదిపింజల్లా తేలిపోతున్నాయి. ఆ తేలికదనమే అతన్ని హడలెత్తించింది. ఒక్క క్వార్టరు ఎక్కడ ఆగుతుందో అతనికి తెలియనిది కాదు. అయినా దిగుతూనే ఉన్నాడు.

నాలుగో మెట్టు మీద ఎవరో చొక్కా అంచు పట్టుకుని లాగారు.

"కూర్చో!"

ముప్పై ఏళ్లు హైస్కూలు పిల్లల్ని ఎండలో నిలబెట్టిన గొంతు అది. గవర్రాజు చప్పున కూర్చున్నాడు. ఆయన రిటైరైన డ్రిల్లు మాస్టారు పేరయ్య గారు. పక్కన సస్పెన్షన్‌లో ఉన్న ఆర్టీసీ కండక్టరు ఇజ్రాయేలు ఉన్నాడు.

"నిన్నూ తాగి రమ్మన్నారా?" అన్నారు మాస్టారు.

"ఆయ్."

"మాకూ సున్నాలే వచ్చాయి. నాది ముప్పై ఒకటో రోజు. వీడిది తొమ్మిది."

"నిన్న నేను కౌంటరు దాకా ఎల్లిపోయానండి" అన్నాడు ఇజ్రాయేలు సిగ్గుపడుతూ. "మాస్టారు ఈల ఊదారు. సిన్నప్పటి అలవాటు గదండి, ఎనక్కి తిరిగి పరిగెత్తుకొచ్చేశాను."

ముగ్గురూ మెట్ల మీద కూర్చున్నారు. ఇజ్రాయేలు తన సస్పెన్షన్ కథ చెప్పాడు. తాగి డ్యూటీ ఎక్కి, వేరే ఊరి బస్సులో టిక్కెట్లన్నీ కొట్టేసి, దిగి చూసుకుంటే తన బస్సు తనని వదిలేసి వెళ్లిపోయిందట. గవర్రాజు సీఐ గారి నంబరు కథ చెప్పాడు. మాస్టారు పొట్ట పట్టుకుని నవ్వారు. అది నవ్వొచ్చే కథని గవర్రాజుకి అంతవరకూ తెలియదు. ఆ నవ్వులోనే, ఎవరితోనూ అననిది ఒకటి నోరు జారి వచ్చేసింది. తండ్రి పోయిన రోజున కొరివి పెట్టాల్సినవాడు రైతుబజారు వెనక పడి ఉన్నాడు. తమ్ముడు పెట్టాడు. అతను లేచేసరికి అస్థికలు కూడా ఏరేశారు.

అయ్యో అని ఎవరూ అనలేదు. మాస్టారు "రేపు ఐదున్నరకల్లా వచ్చెయ్" అన్నారు. గవర్రాజు గడియారం చూస్తే ఏడూ నలభై అయింది. ఆరు ఎప్పుడు కొట్టిందో అతను గమనించనే లేదు.

ఇంటికెళ్లగానే మంగతాయారు ముందు వాసన చూసింది.

"మీటింగు దొరికిందా?"

"లేదే. అడ్రసు కోసం రేపు కూడా ఎల్లాలి."

అలా రోజూ అడ్రసు కోసం వెళ్లాడు. అడ్రసు దొరకలేదు గానీ మెట్ల మీద మనుషులు పెరిగారు. పైకెళ్లి సున్నా తెచ్చుకుని, తాగి రావడానికి దిగుతున్నవాణ్ణి మాస్టారు చొక్కా పట్టుకుని కూర్చోబెట్టేవారు. మూడు వారాలు తిరిగేసరికి పదకొండు మందయ్యారు. కింద షాపువాడు గోల పెట్టాడు. ఇంతమంది తాగనివాళ్లు వరసగా కూర్చుని చూస్తుంటే వచ్చినవాళ్లకి గొంతు దిగడం లేదట.

ఇంతలో మార్చి నెల వచ్చింది. నెలాఖరులోగా ఖర్చు పెట్టకపోతే నిధులు మురిగిపోతాయి. గవర్రాజు బోర్డులు రాస్తాడని తెలిసి చిదంబరరావు గారు పైకి పిలిపించారు.

"ప్రతి పథకానికీ ఆరడుగుల బోర్డు ఉండి తీరవలెనని ఒక ఉత్తరువు. గోప్యత దృష్ట్యా ఏ విధమైన రాతా ఉండరాదని మరొకటి. రెండూ శిరోధార్యమే. అర్థమైందా?"

అర్థమైంది. గవర్రాజు ఆరడుగుల బోర్డుకి రెండు కోటింగులు తెల్ల రంగు వేసి, చుట్టూ ఆకుపచ్చ అంచు లాగాడు. చేయి ఎక్కడా వణకలేదు. అంత నిటారుగా గీత లాగి ఎన్నాళ్లయిందోనని అతనికే కళ్లు చెమర్చాయి. చిదంబరరావు గారు బోర్డుని ఆ చివర నుంచి ఈ చివరికి రెండుసార్లు చూసి, తప్పులేమీ లేవన్నారు.

"ఎక్కడ తగిలించమంటారండి?"

"అది నీకు చెప్పకూడదు" అన్నారాయన. బోర్డుని బీరువా వెనక, గోడ వైపు తిప్పి పెట్టించారు.

సరిగ్గా అప్పుడే హైమావతి గారు ఒక ఉత్తరం పట్టుకుని వచ్చారు. రాష్ట్ర ప్రత్యేక కమిషనరు గారు శుక్రవారం స్వయంగా వేంచేసి, ఐదుసార్లు ప్రథమ స్థానం పొందిన ఈ పట్టణంలో సమావేశాన్ని ప్రత్యక్షంగా తిలకిస్తారట.

"ఎక్కడ తిలకిస్తారు?" అన్నారు చిదంబరరావు గారు.

"సమావేశంలోనండి."

"అది ఎక్కడ?"

హైమావతి గారు ఆయన వైపు చూశారు, ఆయన ఆవిడ వైపు చూశారు. అడ్రసు ఆవిడకి తెలియదు, ఆయనకీ తెలియదు. ఆయనకి ముందున్నాయన సీలు వేసిన కవరు అప్పగించి వెళ్లారట, దాన్ని విప్పడం గోప్యతకి భంగమని ఎవరూ విప్పలేదు. ఇప్పుడు బీరువా తీసి, లక్క సీలు పగలగొట్టి, హైమావతి గారు కాగితం బయటికి తీశారు. చిదంబరరావు గారికి ఇవ్వకుండా ముందు తానే గబగబా చదివేశారు. ఆఫీసు పనికి అంత ఆత్రమెందుకో గవర్రాజుకి అర్థం కాలేదు. కాగితంలో ఒకే ఒక వాక్యం ఉంది: "గోప్యత దృష్ట్యా చిరునామా ఇందు పొందుపరచడమైనది కాదు."

"ఇంతేనా?" అన్నారావిడ, ఎవరినీ చూడకుండా.

గవర్రాజు ఉండబట్టలేకపోయాడు. "అయ్యా, మెట్ల మీద మేం పదకొండు మందిమి రోజూ కూసుంటన్నాం గదండి. మమ్మల్ని చూపించెయ్యండి."

"మిమ్మల్నా? మీలో ఒక్కడికైనా రీడింగు ఉందా?" అని కసిరారు చిదంబరరావు గారు. "అంతా అనర్హులు! మిమ్మల్ని చూపించి నా పింఛను పోగొట్టుకోమంటావా?"

శుక్రవారం నాటికి ఏర్పాట్లు దివ్యంగా జరిగిపోయాయి. వైన్ షాపు వెనక పర్మిట్ రూములో కూర్చుని తాగేవాళ్లలోంచే నలభై రెండు మందిని ఎంచి అక్కడే సమావేశపరిచారు. మనిషికో బిరియానీ పొట్లం, గోప్యత కోసం ముఖానికి కట్టుకోవడానికి ఒక తువ్వాలు ఇచ్చారు. కమిషనరు గారు వచ్చి గొట్టం ఊదించారు. నలభై రెండుకి నలభై రెండూ బ్రహ్మాండమైన రీడింగులు వచ్చాయి. ఒక రీడింగుకైతే మిషనే ఆగిపోయింది.

"నూటికి నూరు శాతం అర్హులు! ఇలాంటి జాబితా నేను రాష్ట్రంలో చూడలేదు" అని కమిషనరు గారు మురిసిపోయారు. అనుభవం చెప్పమంటే ఒక తువ్వాలాయన గోడ పట్టుకుని లేచాడు.

"ఈ మీటింగు వల్ల నాకు శానా మేలైందండి. రోజూ పెట్టండి, రోజూ వత్తాను!"

చప్పట్లు కొట్టారు. ఆఫీసు రికార్డులు చూద్దామని పైకి వెళ్లబోతూ కమిషనరు గారు మెట్ల దగ్గర ఆగిపోయారు. పదకొండు మంది వరసగా కూర్చుని ఉన్నారు.

"వీరెవరు?"

"అనర్హులండి. అందరూ సున్నాలే. ఖాళీ చెయ్యమంటే చెయ్యడం లేదండి" అన్నారు చిదంబరరావు గారు.

"సున్నాలా? ఎన్నాళ్లుగా?"

"నాది ముప్పై ఎనిమిదో రోజండి" అన్నాడు గవర్రాజు లేచి నిలబడి. మిగిలినవాళ్లూ ఎవరి రోజులు వాళ్లు చెప్పారు. కమిషనరు గారి ముఖం వెలిగిపోయింది. చూశారు, పెద్దాయన కాబట్టి చూడగలిగారు అనుకున్నాడు గవర్రాజు.

"అద్భుతం! భవనం లేదు, సిబ్బంది లేరు, ఫలితం మాత్రం ఉంది! దీన్ని సోపాన నమూనాగా ఈ క్షణమే పథకంలో విలీనం చేస్తున్నాను."

చిదంబరరావు గారు వినయంగా దగ్గారు. "పథకంలో విలీనమైతే సార్, స్థలం గోప్యమైపోతుంది కదండి?"

"తప్పకుండా."

"అంటే ఈ మెట్లు ఎక్కడున్నాయో ఎవరికీ తెలియకూడదు."

"తెలియకూడదు."

"వీళ్లకి తెలుసండి."

ఇద్దరూ కలిసి ఆ పదకొండు మంది వైపు చూశారు.

మర్నాడు సాయంత్రం ఐదున్నరకి గవర్రాజు వెళ్లేసరికి మెట్ల మొదట్లో ఇనుప గేటు, దానికి తాళం. పైన అతను రంగు వేసిన ఖాళీ బోర్డు తగిలించి ఉంది. ఆఫీసువాళ్లు మాత్రం వైన్ షాపు లోపలికి నిచ్చెన వేసుకుని దిగుతున్నారు. పదకొండు మందీ రోడ్డు మీద నిలబడ్డారు. బంట్రోతు వచ్చి, రహస్య స్థలం ముందు గుమికూడరాదని అదిలించాడు. ఆరైంది. వీధి మొత్తంలో దీపాలు వెలిగించి, తలుపు బార్లా తీసి, రండి అంటున్నది ఒక్క వైన్ షాపే.

ఇజ్రాయేలు కాసేపు చెప్పు కాలితో మట్టి గీకాడు. తర్వాత ఎవరి ముఖమూ చూడకుండా లోపలికి నడిచాడు. మాస్టారు ఈల ఊదారు. ఇంకోసారి, ఊపిరి ఆగేలా ఊదారు. ఇజ్రాయేలు ఆగాడు గానీ తిరగలేదు.

గవర్రాజుకి ఏడుపూ కోపమూ ఒక్కసారే ముంచుకొచ్చాయి. ఇప్పుడు ఇంకొక్క నిమిషం అక్కడ నిలబడితే ఇజ్రాయేలు వెనకే తానూ వెళ్తాడని అతనికి తెలిసిపోయింది. మాస్టారి చెయ్యి పట్టుకుని, "రేపు మా ఇంటికి రండి, అందరూ రండి, ఆణ్ణి ఈడ్చుకునైనా రండి" అని అరిచినట్టు చెప్పి, వెనక్కి చూడకుండా ఇంటికి నడిచాడు. వస్తూనే ఎర్ర రంగు డబ్బా మూత ఊడబెరికి, వీధి గోడ ముందు స్టూలు వేసుకున్నాడు.

"తాగుడు మానాలనుకునేవారు సాయంత్రం ఆరింటికి ఈ అరుగు మీద కూర్చోవచ్చు. నేను మానేసి..." అని జానెడెత్తు అక్షరాలు రాసి, అక్కడ ఒక మేకు కొట్టి, చిన్న రేకు మీద 39 అని రాసి తగిలించాడు. రోజూ మార్చుకోవాలి కాబట్టి రేకు. కింద "రోజులు. బొర్రా గవర్రాజు" అని మొదలుపెట్టేసరికి మంగతాయారు వాకిట్లోకి వచ్చింది. ఇరవై రెండేళ్లుగా ఆవిడ మొగుడికి గ్యాస్ ట్రబుల్ అని ఊరికి చెప్పుకొస్తున్న మనిషి.

"పేరు కూడా రాత్తారా?"

"నాదొక్కటే. ఇంకెవరిదీ రాయను."

"ఊరంతా చూత్తది."

"చూడాలనే."

మంగతాయారు గోడ మీది రాత మొదటి నుంచీ చదివింది. కళ్లు తుడుచుకుంది. "ఆరింటికి అని రాశారేంటి? ఆరు దాకా ఆళ్లని బయట తిరగనిత్తారా? ఐదున్నర అని దిద్దండి" అని లోపలికి వెళ్లి, అటక మీది చాప దించింది.

మర్నాడు ఎనిమిది మంది వచ్చారు. తొమ్మిదోవాణ్ణి మాస్టారు రెక్క పట్టుకుని తెచ్చారు. ఇజ్రాయేలు దగ్గర వాసన గుప్పున కొడుతోంది. గవర్రాజు జరిగి చోటిస్తే, ఇజ్రాయేలు మోకాళ్ల మధ్య తల పెట్టుకుని కూర్చున్నాడు. మంగతాయారు అతనికి మజ్జిగ ఇచ్చింది.

నాలుగో రోజున హైమావతి గారు వచ్చారు. ఆఫీసు నుంచి నేరుగా వచ్చినట్టున్నారు, చేతిలో ఫైలు ఉంది. గవర్రాజుని గుమ్మం పక్కకి పిలిచి నోటీసు ఇచ్చారు.

"పథకపు లబ్ధిదారుడు కాని బొర్రా గవర్రాజు అను వ్యక్తి, బొర్రా గవర్రాజు అను వ్యక్తి యొక్క గుర్తింపును, సదరు వ్యక్తి నుండి శాఖాపరమైన అనుమతి పొందకుండా గోడపై బహిర్గతపరచినందున, అట్టి వ్యక్తి గోప్యతకు భంగము వాటిల్లినదని ఇందుమూలముగా తెలియజేయడమైనది. ఏడు దినములలోగా సంజాయిషీ సమర్పించవలెను."

గవర్రాజు రెండుసార్లు చదువుకుని, అందినట్టు సంతకం పెట్టి ఇచ్చాడు. హైమావతి గారు ఆ కాగితం మడిచారు. మళ్లీ మడిచారు. వెళ్లలేదు.

"ఇంకేవైనా సంతకాలు ఉన్నాయాండి?"

"లేవండి." ఆవిడ అరుగు మీదివాళ్లని చూస్తూ నిలబడ్డారు. మాస్టారు ఏదో చెబుతుంటే అక్కడ నవ్వుతున్నారు. "ఆరేళ్ల నుంచి ఆ రిజిస్టర్లో గీతలు నేనే గీస్తున్నానండి. వారానికి నలభై రెండు. గీసినప్పుడల్లా ఆ కవరులో అడ్రసు ఉందనే అనుకునేదాన్ని. ఎప్పటికైనా విప్పుతారు, విప్పినరోజు ఎవరికీ చెప్పకుండా ముందు మా ఆయన్ని పంపించెయ్యాలి అనుకునేదాన్ని."

వెనక నుంచి మంగతాయారు వచ్చి ఆవిడ భుజం మీద చెయ్యి వేసింది.

"ఇప్పుడెక్కడున్నారమ్మా ఆయన?"

"ఆ మలుపులో నిలబడ్డారండి. రావడానికి సిగ్గుపడుతున్నారు. కాగితాలేమైనా పట్టుకురావాలేమో కనుక్కుని రమ్మన్నారు."

గవర్రాజు నోటీసు చొక్కా జేబులో కుక్కుకుని, మలుపు వైపు పరుగులాంటి నడకతో బయల్దేరాడు.